ఒక్కరోజు రచనా శిబిరం: దక్కిందెంత, దండగెంత

ఒక్క రోజులో కథ రాయడం ఎవరూ నేర్పలేరు. ఆ సంగతి తెలిసి వెళ్తే ఇలాంటి శిబిరం బాగానే ఉంటుంది. "ఉదయం పాఠకులుగా రండి, సాయంత్రం రచయితలుగా వెళ్లండి" అని వాళ్ల ప్రకటనలో వేశారు గానీ, ప్రకటనల సంగతి మనకు తెలిసిందే. నేను వెళ్లిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. చూసింది ఒక్క రోజు, పైగా ఏకసాక్షిని. ఆ మాత్రానికే పేరు పెట్టి తీర్పు చెప్పడం నా ఉద్యోగానికి తగదు.

కోర్టులో స్టెనోని నేను. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఇంకొకరు చెప్పింది రాసుకుని టైపు చేయడమే పని. ఇంటికొచ్చాక సొంతంగా రాసినవి కొన్ని ఉన్నాయి. ఒకటి అచ్చయింది, కొన్ని తిరిగొచ్చాయి, మిగతావి ఎటు పోయాయో తెలీదు. అక్కడికి వచ్చిన చాలామంది పరిస్థితీ ఇంతేనని మాటల్లో తెలిసింది. మొదలుపెడతారు, సగంలో ఆగిపోతారు, ఆ ఆగినదాన్ని చదివి పెట్టే మనిషి దొరకడు. ఇంట్లోవాళ్లకు చూపిస్తే "బావుంది" అంటారు, లేదంటే "ఇందులో అత్తగారు మా అమ్మేనా?" అని అడుగుతారు.

మొత్తం 22 మందిమి, నడిపించేవాళ్లు ముగ్గురు. పొద్దున పరిచయాలు. పేరు, చేసే పని, ఎందుకు రాస్తున్నారు. మనిషికి రెండు నిమిషాలన్నారు. మైకు చేతికొచ్చాక రెండు నిమిషాల్లో వదిలే రచయిత ఎక్కడైనా ఉంటాడా? గంట దాటింది. ఒక పెద్దాయన ఇంకా అచ్చుకాని తన నవల కథంతా చెప్పేశాడు, చివరి మలుపుతో సహా. ఆ తర్వాత ఒక అతిథి వచ్చి సాహిత్య ప్రయోజనం గురించి ప్రసంగించి, ఫొటోలు దిగి వెళ్లిపోయారు. ఆ ప్రసంగంలో ఏముందో ఇప్పుడు అడిగితే ఒక్క వాక్యం కూడా చెప్పలేను. నా షార్ట్‌హ్యాండ్ పుస్తకంలో కూడా లేదు. అంటే చెయ్యి కూడా వినలేదన్నమాట.

అసలు పని మొదలైంది ఆపకుండా రాసే అభ్యాసంతో. పది నిమిషాలు పెన్ను ఆగకూడదు, వెనక్కి వెళ్లి చదవకూడదు, కొట్టివేతలు ఉండకూడదు. ఏమీ తోచకపోతే "ఏమీ తోచడం లేదు" అనే రాసుకుంటూ పోవాలి. పీటర్ ఎల్బో అనే అమెరికన్ అధ్యాపకుడు 1973లో వేసిన పుస్తకంతో బాగా వాడుకలోకి వచ్చిన పద్ధతి ఇది. రాసే మనిషీ దిద్దే మనిషీ ఒకేసారి పెన్ను పట్టుకుంటే ఏ పనీ సాగదు కాబట్టి దిద్దేవాణ్ణి కాసేపు బయట కూర్చోబెట్టడం దీని ఉద్దేశం.

చెయ్యి ఆపకూడదన్న నియమం స్టెనోకి కొత్త కాదు. కొత్తదల్లా అవతల చెప్పేవాళ్లెవరూ లేకపోవడం. మొదటి పేజీ బోరింగు కొట్టినప్పుడు ముందు వచ్చే తుప్పునీళ్లే. మెడనొప్పి, కట్టాల్సిన బిల్లులు, ఏమీ తోచడం లేదు, ఏమీ తోచడం లేదు. రెండో పేజీ చివర్లో ఒక ముసలాయన వచ్చాడు. ఎప్పుడో ఏదో కేసులో సాక్షి. బోనెక్కే ముందు చెప్పులు విడిచి, వంగి రెండూ పక్కపక్కన సర్ది, అప్పుడు ఎక్కాడు. ఆ కేసేమిటో నాకు గుర్తులేదు, చెప్పులు గుర్తున్నాయి. అభ్యాసం మంచిదే. కాకపోతే దీనికోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, ఇంట్లో ఫోన్‌లో అలారం పెట్టుకుని ఎవరికి వారు చేసుకోవచ్చు.

ఇక్కడ కుర్చీల గురించి చెప్పాలి. కుడిచేతి వైపు రాసుకునే పలక బిగించిన కుర్చీలు వేశారు, పరీక్ష హాల్లో ఉండే రకం. నా పక్కన కూర్చున్న కుర్రాడిది ఎడమచేతి వాటం. కాసేపు ఒళ్లంతా మెలితిప్పుకుని రాసి, ఇక లాభం లేదని గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. రాయడానికే పెట్టిన శిబిరంలో రాసుకునే చోటు గురించి ఎవరూ ఆలోచించలేదు!

సంభాషణల క్లాసు తీసుకున్నది రేడియో నాటకాలు రాసినావిడ. రోజు మొత్తంలో ఆ గంటన్నరకు పూర్తి మార్కులు వేస్తాను. వచ్చీ రాగానే ఒక ప్రశ్న వేశారు. ఒకే ఇంట్లో ఉండేవాళ్లు ఒకళ్లనొకళ్లు పేరు పెట్టి పిలుచుకునేది ఎప్పుడు? దూరం నుంచి కేకేసినప్పుడు, కోపం వచ్చినప్పుడు. మరి మన కథల్లో భార్యాభర్తలు ప్రతి రెండో మాటకీ "చూడు సుజాతా", "విను రమేష్" అనుకుంటారెందుకు? రేడియోలో ఆ గొంతు ఎవరిదో వినేవాళ్లకు అందాలి కాబట్టి మొదట్లో ఒకటి రెండుసార్లు పేరు పడక తప్పదు, కాగితం మీద ఆ అవసరం కూడా లేదు కదా అన్నారు. అలాగే "అన్నాడు" ఉండగా "వాపోయాడు", "నొక్కి వక్కాణించాడు" ఎందుకన్నారు. ముందు వరుసలో ఇద్దరు తమ కాగితాల మీద ఏవో గబగబా కొట్టేసుకోవడం చూశాను.

తర్వాత ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టారు. ఒకరు అప్పిచ్చినవాళ్లు, ఒకరు తీసుకున్నవాళ్లు. అప్పు, డబ్బు, ఎప్పుడిస్తావు అనే మాటలు నోట రాకూడదు. మూడోవాళ్లు వాళ్లన్నది పొల్లుపోకుండా రాసుకోవాలి. మా ముగ్గురిలో ఆ మూడోవాళ్లు ఎవరో చెప్పక్కర్లేదనుకుంటాను. మూడు నిమిషాల మాటలు నాలుగు పేజీలొచ్చాయి. వాటిని కోసి, కోసి, చివరికి మిగిల్చింది ఇది. ఆ ఇద్దరినీ అడిగే ఇక్కడ పెడుతున్నాను.

"బండి కొత్తదా అన్నయ్యా?"

"కాదురా, మా బావమరిదిది."

"పోయిన నెల కూడా ఆయన బండే తెచ్చావు."

"కూర్చో, నిలబడే ఉన్నావేంటి?"

"కూర్చుంటే మళ్లీ లేవాలనిపించదు అన్నయ్యా."

దీని తర్వాత అన్నయ్య చెప్పిన కారణాలు ముప్పావు పేజీ ఉన్నాయి. పిల్ల ఫీజు, రావలసిన బిల్లు, ఒంట్లో బాగుండకపోవడం. ఆవిడ వాటిని అడ్డంగా గీసేసి, "ఇచ్చేవాడైతే కూర్చోమనడు కదా, ఇంకా కారణాలెందుకు?" అన్నారు.

మా పనిలో సరిగ్గా దీనికి తలకిందులుగా జరుగుతుంది. వకీలు అడుగుతాడు, "ఆ రోజు నువ్వసలు అక్కడ లేవు కదయ్యా?" అని. సాక్షి వకీలు వైపు చూస్తాడు, జడ్జిగారి వైపు చూస్తాడు, చొక్కా గుండీ సర్దుకుంటాడు, "లేకపోవడమేంటండీ, నా చేతుల్తోనే ఆటో ఎక్కించాను" అంటాడు. వకీలు వేసిన ఆ ప్రశ్నకు సాక్షి జవాబుగా రికార్డులోకి వచ్చే వాక్యం ఇలా ఉంటుంది: "ఆ రోజు నేను సంఘటనా స్థలంలో లేననడం నిజం కాదు." ప్రశ్నా జవాబూ కలిసి ఒకే మనిషి మాటైపోయాయి. అడిగిన తీరు పోయింది, ఆ చూపు పోయింది, గుండీ పోయింది. చట్టానికి కావలసిందేదో అందులో ఉంది, తప్పులేదు. కానీ రోజూ మేం వదిలేసేది ఎంత ఉందో ఆ గదిలో కూర్చుంటే తెలిసింది.

ఇది పైకే అన్నాను. ఆవిడ వెంటనే తను వేసుకొచ్చిన ప్రణాళిక పక్కన పెట్టేశారు. నా వాక్యాన్ని బోర్డు మీద రాసి, దీని వెనక జరిగిన దృశ్యాన్ని ఎవరికి వారు తిరిగి రాయండన్నారు. 22 మంది, 22 కోర్టులు. ఒకరి సాక్షి నవ్వాడు, ఒకరి సాక్షి మంచినీళ్లడిగాడు, కాలేజీ అమ్మాయి ఒకతె సాక్షిని పక్కన పెట్టి వకీలు పాత బూట్ల గురించి రాసింది. నేర్పడం వచ్చినవాళ్లకూ చెప్పడం మాత్రమే వచ్చినవాళ్లకూ తేడా నాకు అక్కడే కనిపించింది.

మధ్యాహ్నం మొదటి క్లాసు అందరి కళ్లూ మూతలు పడే వేళ. తీసుకున్నాయన చురుకైనవాడు. ప, ఫ, బ, భ, మ ఈ ఐదూ రాకుండా ఒక పేరా రాయండన్నాడు. పెదవులు కలవకూడదు. మన పద్యకవులు నిరోష్ఠ్యమని ఎప్పటినుంచో ఆడుతున్న ఆటే. అవధానంలోనైతే నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అడుగడుక్కీ రాబోయే అక్షరానికి అడ్డం పడుతూనే ఉంటాడు. ఫ్రాన్సులో 1960లో కొందరు రచయితలూ గణితజ్ఞులూ కలిసి ఊలిపో అనే బృందం పెట్టుకున్నది కూడా ఇలాంటి నిబంధనలతో రాయడానికేనని, ఆ బృందంలోని జార్జ్ పెరెక్ 1969లో, ఇంగ్లీషువాళ్లు "ఈ" అని పిలిచే అక్షరం ఒక్కసారీ పడకుండా ఏకంగా నవలే రాశాడని చెప్పాడు. ఈలోగా నవల పెద్దాయన లేచి, "సున్నా సంగతేమిటి? చివర సున్నా పలికినా పెదవులు కలుస్తాయి కదా" అన్నాడు. నిజమే. దాని మీద పావుగంట నడిచింది. చివరికి "అక్షరం వరకే చూద్దాం సార్" అని రాజీ.

ఎడమచేతి కుర్రాడు రాసింది వినండి. "ఆ రోజు నాన్న వంటింట్లోకి వచ్చి నిలుచున్నాడు. చేతిలో తాళాలు. ఎక్కడికని నేను అడగలేదు."

తను రాద్దామనుకున్నది అమ్మానాన్నల గొడవట. "అమ్మ అని రాయడానికి లేదు, ఆమె అని కూడా లేదు కదండీ, అందుకే తీసేశాను" అన్నాడు. ఆవిడ లేకపోయేసరికి గొడవ ఎప్పుడో అయిపోయినట్టూ, ఇల్లు అప్పటికే సగం ఖాళీ అయినట్టూ తయారైంది. అతనికి ఆ ఉద్దేశమే లేదు, అక్షరం అడ్డం పడి రాయించింది. ఇది బాగుంది. కాకపోతే ఆ మాస్టారికి ఆటంటేనే ఇష్టం. నిబంధన తీసేసి ఆ పేరానే మళ్లీ రాయిస్తే, ఏది అడ్డు వల్ల వచ్చిందో ఏది ఉంచుకోవాలో తెలిసేది. దానికి బదులు ఇంకో ఆట, దాని తర్వాత ఇంకోటి. మూడో ఆటకి వెనక వరుస మళ్లీ కునుకులోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాతది మౌన గంట. ఫోన్లన్నీ ఒక పెట్టెలో వేసి, ఎవరికి నచ్చిన మూల వాళ్లు కూర్చుని రాసుకోవడం. మాట్లాడకూడదు, పలకరింపుగా నవ్వక్కర్లేదు. డబ్బు కట్టి ఇలాంటి చోటికి రావడంలో అర్థమేదైనా ఉంటే అది ఇదేనని నా లెక్క. పాఠాలు పుస్తకాల్లో దొరుకుతాయి, వీడియోల్లో దొరుకుతాయి. ఎవరూ పిలవని గంట ఇంట్లో దొరకదు. ఇద్దరు చిన్నపిల్లల తల్లి ఒకావిడ ఆ సమయమంతా కిటికీ దగ్గర ఊరికే కూర్చుంది, పెన్ను మూత కూడా తీయలేదు. "నేను కట్టింది దీనికేనండీ" అంది తర్వాత. నేను ముసలాయన్ని, చెప్పుల్ని పట్టుకుని రెండు పేజీలు రాశాను. మూడోది మొదలుపెట్టేలోగా బెల్లు కొట్టారు. గంట కాలేదు, ముప్పావు గంటే. పొద్దున పరిచయాలు మింగిన సమయాన్ని తెచ్చి దీంట్లో కోశారు. కొయ్యాలంటే అతిథి ప్రసంగం ఉందిగా?

చివరి ముఖ్యమైన భాగం, రాసినవి చదివి మాట్లాడుకోవడం. 90 నిమిషాలు. మమ్మల్ని 11 మందేసి రెండు గుంపులు చేశారు. భాగించి చూస్తే మనిషికి ఎనిమిది నిమిషాలు. రెండు పేజీలు పైకి చదవడానికే నాలుగు పోతాయి. మిగిలిన నాలుగింట్లో పది మంది ఏం చెప్తారు? ఏళ్ల తరబడి నడిచే వర్క్‌షాపుల్లో కథలు ముందే పంచిపెట్టి, అందరూ చదివి వచ్చాక, ఒక పూట రెండో మూడో తీసుకుంటారు. ఒక్కరోజు శిబిరంలో అది కుదరదు, ఒప్పుకుంటాను. అలాంటప్పుడు 22 మందిని చేర్చుకోకూడదు.

పద్ధతి విషయంలో మాత్రం ఒక మంచి పని చేశారు. రెండు గుంపులకూ రెండు రకాలు. అయోవా విశ్వవిద్యాలయంలో 1936లో మొదలైన రైటర్స్ వర్క్‌షాప్ పేరుతో ముడిపడ్డ పాత పద్ధతి ఒకటి. కథ గురించి అందరూ మాట్లాడతారు, రాసినవాళ్లు మాత్రం నోరు మెదపకూడదు. నవల పెద్దాయన ఆ గుంపులో పడ్డారు. గోడ అవతల నుంచి "అలా కాదండీ, అసలు అక్కడ నా ఉద్దేశం..." అని ఆయన గొంతు మాకు రెండుసార్లు వినిపించింది.

మాది రెండో రకం. లిజ్ లెర్మన్ అనే నృత్య దర్శకురాలు 1990లో తయారుచేసిన నాలుగు మెట్ల పద్ధతి. ముందు విన్నవాళ్లు తమకేది మనసులో నిలిచిందో చెప్తారు. తర్వాత రాసినవాళ్లు తమ అనుమానాలు అడుగుతారు. మూడో మెట్టులో విన్నవాళ్లు ప్రశ్నలడగాలి, కానీ ఆ ప్రశ్నలో అభిప్రాయం దాక్కుని ఉండకూడదు. "ముగింపు ఎందుకంత హడావిడిగా ఉంది?" అంటే అది ప్రశ్న కాదు, తిట్టు. "ముగింపు ఎక్కడ మొదలవుతుందని మీరనుకుంటున్నారు?" అంటే ప్రశ్న. అభిప్రాయాలు ఆఖరున, అదీ "ఫలానా దాని గురించి నాదో మాట ఉంది, చెప్పనా?" అని అడిగి, సరేనంటేనే. వినడానికి మరీ మర్యాదగా ఉంది, పని జరగదేమో అనిపిస్తుంది. నిజానికి ఇబ్బంది పడేది అడిగేవాళ్లే. అభిప్రాయం లేని ప్రశ్న అడగడం ఎంత కష్టమో, రోజూ "కదా"తో ముగిసే ప్రశ్నలు వినే నాకు బాగా తెలుసు.

నా రెండు పేజీలు చదివాక మొదటి మెట్టులో అందరూ చెప్పులే అన్నారు. మూడో మెట్టులో ఆ పిల్లల తల్లి అడిగింది: "చెప్పులు ఎటు తిరిగి ఉన్నాయండీ? బోను వైపా, గుమ్మం వైపా?"

నేను దాని గురించి అసలు రాయలేదు. బోను వైపైతే అతను నిజం చెప్పడానికే వచ్చినవాడు. గుమ్మం వైపు తిప్పి సర్దుకున్నాడంటే, ఎక్కకముందే దిగి వెళ్లిపోవడం గురించి ఆలోచిస్తున్నాడు. రెండూ వేర్వేరు కథలు. నాలుగో మెట్టుకు వెళ్లేలోగా ఎనిమిది నిమిషాలయ్యాయి, వాళ్ల అభిప్రాయాలేవీ నాకు అందలేదు. ఆ ప్రశ్న ఒక్కటీ చాలు, టికెట్టు డబ్బులు వచ్చేసినట్టే.

అక్కడితో ఆపి ఇంటికి పంపించి ఉంటే ఈ సమీక్ష ఇంకా తీపిగా ఉండేది. చివరి ముప్పావు గంట ప్రచురణ గురించి. పత్రికకు ఎలా పంపాలి, కథతో పాటు ఉత్తరంలో ఏం రాయాలి, ఒకే కథను ఒకేసారి రెండు పత్రికలకు పంపితే వచ్చే తలనొప్పి ఏమిటి, హక్కులు ఎవరి దగ్గర ఉంటాయి, ఇవి చెప్తారనుకున్నాను. వాళ్లు చెప్పింది తమ సంకలనం గురించి. ఇవాళ రాసిన కథ దిద్దుకుని పంపితే తప్పకుండా వేస్తారట, ఇన్ని కాపీలు మాత్రం మనమే కొనాలట. తప్పకుండా వేస్తామన్న చోట ఎంపిక లేదు. ఎంపిక లేని సంకలనాన్ని రాసినవాళ్లు, వాళ్ల చుట్టాలు తప్ప ఎవరు చదువుతారు? సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం తప్పేమీ కాదు, ఎందరో వేసుకున్నారు, అందులో మంచివీ ఉన్నాయి. కానీ అది అమ్మకమని చెప్పి అమ్మాలి, పాఠంలో కలిపి కాదు. అప్పటికప్పుడు ఫారం నింపినవాళ్లు ఐదారుగురు కనిపించారు. రోజంతా మెచ్చుకోళ్లు విన్న మనిషి ముందు సాయంత్రం ఫారం పెడితే నింపక ఏం చేస్తాడు?

మీరు ఇలాంటిదానికి వెళ్లాలనుకుంటే, కట్టేముందు ఫోన్ చేసి అడగండి. ఎంతమందిని చేర్చుకుంటున్నారు, చదివి మాట్లాడుకునేటప్పుడు గుంపుకి ఎంతమంది, మొత్తం రోజులో మనం పెన్ను పట్టుకునే సమయం ఎంత. మూడో దానికి వాళ్లు తడుముకుంటే అది ఉపన్యాసాల రోజని అర్థం. ఇప్పటికే ఒక చిత్తుప్రతి చేతిలో ఉన్నవాళ్లకు ఎక్కువ దక్కుతుంది. ఇంకా ఒక్క పేజీ కూడా రాయనివాళ్లు ఆ పది నిమిషాల అభ్యాసం కొన్నాళ్లు ఇంట్లో చేసి వెళ్లడం మేలు. నవల మధ్యలో ఉన్నవాళ్లకు మాత్రం ఇది కాదు, వాళ్లకు కావలసింది పది మంది కాదు, ఓపికున్న ఒక్క మనిషి.

ఆ రోజే వాట్సాప్ గ్రూపు పెట్టారు. అది అన్ని గ్రూపుల్లాగే శుభోదయాల్లోకి దిగింది. దాన్నుంచి మేం నలుగురం విడిగా వచ్చి, ఆ నాలుగు మెట్ల పద్ధతిలోనే ఒకరి పేజీలు ఒకరం చదువుకుంటున్నాం. ఎడమచేతి కుర్రాడు, పిల్లల తల్లి, అన్నయ్య బండి రాయించినాయన, నేను. నవల పెద్దాయన తననీ చేర్చుకోమన్నారు. ముందు మూడో మెట్టు సాధన చేసి రండి సార్ అన్నాం.

నిర్వాహకులు తర్వాత అభిప్రాయ పత్రం పంపారు. పరిచయాలు తీసేసి మౌనానికి పూర్తి గంట ఇవ్వమని, మందిని 12కి తగ్గించమని, రేడియో ఆవిడకు రెండు క్లాసులు ఇవ్వమని, ఎడమచేతివాళ్లకు బల్లలు వేయమని, సంకలనం ఫారాలు ఆ రోజు పంచవద్దని వరుసగా రాసి పంపాను. బల్లల విషయం తప్పక చూస్తామని మర్నాడే జవాబు వచ్చింది. మిగతావాటి గురించి ఒక్క ముక్కా లేదు, కింద మాత్రం సంకలనానికి ఆఖరు తేదీ ఇచ్చారు.